చిన్న స్పీకర్లకు తగిన స్టాండు

1970లలో బీబీసీ సంస్థ, స్టూడియో వెలుపలి ప్రసారాల వాహనాలలో వాడటానికి ఎల్‌ఎస్ 3/5ఎ అనే చిన్న స్పీకరును రూపొందించింది. అడుగు ఎత్తున్న అటువంటి పెట్టె ఇంటి గదిలో స్పష్టంగా పలకడానికి స్టాండు ఎంతో తోడ్పడుతుంది.

స్టాండు ఎత్తును నిర్ణయించేది ట్వీటరు, అనగా తారస్థాయి ధ్వనులను పలికించే చిన్న భాగం. ఆ ధ్వనులు అన్ని వైపులకూ సమానంగా వ్యాపించవు కనుక, అది కూర్చున్న శ్రోత చెవికి సూటిగా ఉండాలి. సాధారణంగా ఆ ఎత్తు నేల నుండి 90 నుండి 100 సెంటీమీటర్లు. అందులో నుండి పెట్టె అడుగుకూ ట్వీటరుకూ మధ్య ఉన్న కొలతను తీసివేస్తే స్టాండు ఎత్తు తేలుతుంది. గోడకు ఆనించిన స్పీకరులో బేస్, అనగా మంద్రధ్వని, అతిగా పెరిగి గాత్రాన్ని కమ్మివేస్తుంది. స్టాండు ఉంటే దానిని ముందుకు జరిపి, చెవికి ఇంపైన చోటును వెతుక్కోవచ్చు.

వెల్డింగు దుకాణంలో చేయించదలచినవారు చతురస్రపు ఇనుప గొట్టాన్ని ఎంచుకొని, దానిలో బాగా ఎండిన, జల్లించిన ఇసుకను నింపితే, గొట్టం గంటలా మోగే గుణం అణగి, బరువు కిందికి చేరి స్టాండు నిలకడగా ఉంటుంది. తడి ఇసుక తుప్పు పట్టిస్తుంది. పీఠానికి తాండూరు బండ చక్కగా పనికివస్తుంది. పై పలక పెట్టె అడుగుకు సరిపడా ఉంటే చాలు. పీఠం మాత్రం దానికంటే వెడల్పుగా ఉండాలి. పసిపిల్లలున్న ఇళ్లలో ఈ నియమాన్ని ఎంతమాత్రం సడలించరాదు.