సామానుతో పాటు ఓటూ కదలాలి

(జాతీయ ఓటర్ల దినోత్సవం సందర్భంగా జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో విశ్రాంత చీఫ్ మేనేజర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



1950 జనవరి 25న మన ఎన్నికల సంఘం ఏర్పడింది. 2011 నుంచి ఆ రోజును ఓటర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఓటు వజ్రాయుధం అనే ఉపన్యాసం మీరు చాలాసార్లు వినే ఉంటారు. నేను అది చెప్పను. మా ఇంట్లో ఓట్లు ఎలా పోగొట్టుకున్నామో చెబుతాను. అది మీకు ఎక్కువ పనికొస్తుంది.

34 ఏళ్ల సర్వీసులో నాకు తొమ్మిది ట్రాన్స్‌ఫర్లు. ఆర్డరు రాగానే మా ఆవిడ ఒక కాగితం మీద జాబితా రాసేది. గ్యాస్ కనెక్షన్, పిల్లల టీసీలు, పాల లెక్క, ఇంటి అడ్వాన్సు, తులసి కుండీ. తొమ్మిది జాబితాల్లో ఒక్కదాంట్లోనూ ఓటు లేదు.

2013లో ఎర్నాకుళం వేశారు. నా ఓటు తెనాలి దగ్గర మా ఊళ్లోనే ఉండనిచ్చాను. మా ఆవిడకు అప్పటికి ఎక్కడా ఓటు లేదు కాబట్టి అక్కడ నమోదు చేయించాను. 2014 ఏప్రిల్ 10న కేరళలో లోక్‌సభ పోలింగ్. ఆవిడ దర్జాగా వెళ్లి ఓటు వేసింది. నేను అదే రోజు మైక్రో అబ్జర్వరుగా ఇంకో బూత్‌లో కూర్చుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరుల వేళ్లకు సిరా పూయడం చూశాను. మా ఊళ్లో పోలింగ్ మే 7న. లీవు దొరకలేదు. నా ఓటు ఆ ఏడు అలాగే పోయింది.

మరుసటి ఏడాది, 2015 నవంబరులో, అక్కడ స్థానిక ఎన్నికలు వచ్చాయి. మా వీధి కాలువ వానాకాలం పొంగి గుమ్మం దాకా వచ్చేది. మా ఆవిడ సగం మలయాళం, సగం సైగలతో వార్డు సభ్యుడికి ఎన్నిసార్లు మొరపెట్టుకుందో లెక్కలేదు. అందుకే ఆ ఎన్నిక ఆవిడకు లోక్‌సభ కన్నా పెద్దది. ఉదయమే ఇస్త్రీ చీర కట్టుకుని, ఓటరు కార్డు పట్టుకుని వెళ్లింది. అరగంటలో తిరిగొచ్చింది. జాబితాలో పేరు లేదట. అక్కడి అధికారి మర్యాదగానే చెప్పారట: “అమ్మా, అది అసెంబ్లీ జాబితా. ఇది వేరు.”

ఇంటికొచ్చి ఆవిడ ఒకే మాట అంది: “ప్రధానమంత్రిని ఎన్నుకోవడానికి పనికొచ్చాను గానీ, ఇంటి ముందు కాలువ బాగుచేసేవాణ్ణి ఎన్నుకోవడానికి పనికిరాలేదట.”

తప్పు ఎవరిదీ కాదు, మాదే. పేర్లు నమోదు చేసుకోమని నోటీసులు వచ్చాయి, మేం చూసుకోలేదు.

ఇక్కడ ఒక అసలు సంగతి ఉంది. మన దేశంలో ఎన్నికలు నడిపే సంఘం ఒక్కటి కాదు. లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు రాజ్యాంగం 324వ అధికరణ కింద భారత ఎన్నికల సంఘానివి. పంచాయతీ, మున్సిపాలిటీ ఎన్నికలు 243-కె, 243-జెడ్‌ఏ అధికరణల కింద ఆయా రాష్ట్ర ఎన్నికల సంఘాలవి. మొదటిదానికి దేశమంతా ఒకే పద్ధతి. రెండోదానికి ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడుల్లో అసెంబ్లీ జాబితానే వార్డులవారీగా విడదీసి వాడతారు. కేరళలో, ఉత్తరప్రదేశ్‌లో స్థానిక ఎన్నికలకు వేరే జాబితా తయారుచేస్తారు. ఒకదాంట్లో పేరుందంటే రెండోదాంట్లో ఉన్నట్టు కాదు.

అందుకని కొత్త రాష్ట్రంలో చేరిన నెలలోనే రెండు ప్రశ్నలు అడగండి. అసెంబ్లీ జాబితాలో నా పేరు ఎక్కడ? ఇక్కడి స్థానిక ఎన్నికలకు జాబితా అదేనా, వేరా?

మొదటిదానికి దారి ఇప్పుడు తేలిక. ఇదివరకు నియోజకవర్గం మారితే మళ్లీ ఫారం-6 పెట్టాల్సి వచ్చేది. 2022 ఆగస్టు నుంచి ఇల్లు మారినా, రాష్ట్రం మారినా ఒకటే, ఫారం-8. ఎన్నికల సంఘం పోర్టల్‌లో పెట్టొచ్చు, బూత్ స్థాయి అధికారికి ఇవ్వొచ్చు. అనుమానముంటే 1950 నంబరుకు ఫోన్ చేయొచ్చు. పాత చోట పేరు తీయించడం కూడా దాంతోనే అయిపోతుంది. కార్డు నంబరు మారదు, చిరునామా మారుతుంది. చిరునామా రుజువుగా బ్యాంకు పాస్‌బుక్కు కూడా చెల్లుతుంది. కాకపోతే ముందు పాస్‌బుక్కులో మీ చిరునామా మార్పించుకోవాలి. కస్టమర్లను కేవైసీ కోసం వెంటపడే మనమే, మన సొంత ఖాతాలో పదేళ్ల కిందటి అడ్రసు ఉంచుకుంటాం!

నామినేషన్ల చివరి తేదీ దాటితే ఆ ఎన్నికకు జాబితాలో పేర్లు చేర్చరు. షెడ్యూలు వచ్చాక పరుగెత్తేవాళ్లు అందుకే నష్టపోతారు. కార్డు చేతిలో ఉన్నా పేరు జాబితాలో లేకపోతే ఓటు లేదు. పేరుంటే మాత్రం, కార్డు పోయినా, ఫోటో ఉన్న పాస్‌బుక్కు గానీ, మన బ్యాంకు ఇచ్చిన ఫోటో గుర్తింపు కార్డు గానీ చూపించి అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో ఓటు వేయొచ్చు.

“సొంతూళ్లో ఇల్లుంది కదా, ఓటు అక్కడే ఉంచుకుంటాను” అంటారు చాలామంది. నేనూ అన్నాను. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం చెప్పేది సాధారణ నివాసం గురించి. ఒక ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి కాడని 20వ సెక్షన్ స్పష్టంగా అంటుంది. రెండు నియోజకవర్గాల్లో పేరు ఉండకూడదని 17వ సెక్షన్ అంటుంది. తెలిసి తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

2017లో హైదరాబాద్ వచ్చాక నేను అక్కడ ఓటు నమోదు చేయించుకున్నాను. దరఖాస్తులో పాత చిరునామా గడి ఖాళీగా వదిలేశాను. కావాలని కాదు, బద్ధకం. 2019 ఏప్రిల్ 11న రెండు రాష్ట్రాల్లోనూ ఒకేరోజు పోలింగ్. “ఊళ్లో జాబితాలో నీ పేరుంది, వస్తున్నావా?” అని మా అన్నయ్య ఫోన్ చేశాడు. అప్పుడు ఒళ్లు జలదరించింది. హైదరాబాద్‌లోనే ఓటు వేసి, ఊళ్లో పేరు తీసేయమని ఫారం-7 పెట్టాను.

ఆ సంగతి మా అమ్మకు తెలిసింది. “రేషను కార్డులోంచి ఎప్పుడో పోయావు. ఇప్పుడు ఓట్ల లిస్టులోంచీ తీయించుకున్నావా? ఇంక ఈ ఊరికీ నీకూ ఏం మిగిలిందిరా?” అంది. చట్టం సెక్షన్లు నాకు తెలుసు. అమ్మకు చెప్పే సెక్షను ఏదీ దొరకలేదు. నాలుగు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఇక వేరే రాష్ట్రాలకు వెళ్లేవాళ్లకు. అక్కడి స్థానిక ఎన్నికలు మన ఊరి పద్ధతిలోనే ఉంటాయనుకోకండి. మన రెండు రాష్ట్రాల్లో సర్పంచిని జనమే నేరుగా ఎన్నుకుంటారు. కేరళలో పంచాయతీ అధ్యక్షుణ్ణి గెలిచిన సభ్యులు ఎన్నుకుంటారు, కానీ గ్రామీణ ఓటరు గ్రామ, బ్లాక్, జిల్లా పంచాయతీలకు మూడు ఓట్లు వేస్తాడు. బీహార్‌లో ఒక్క ఓటరు ఆరు ఓట్లు వేయాలి. అక్కడ పంచాయతీ పెద్ద ముఖియా. సర్పంచి అంటే గ్రామ కచేరీకి, అంటే ఊరి న్యాయస్థానానికి పెద్ద. మనవాడు ఎవరైనా అక్కడ సర్పంచి ఓటు వేసి, ఊరికి పెద్దను ఎన్నుకున్నాననుకుంటే పొరపాటే. పుణె కార్పొరేషన్ 2017 ఎన్నికల్లో చాలా వార్డులకు నలుగురేసి సభ్యులు, ఓటరుకు నాలుగు ఓట్లు. ఒక్క బటన్ నొక్కి బయటికొస్తే కుదరదు. గుజరాత్ స్థానిక సంస్థల్లో ఓటు తప్పనిసరి చేస్తూ చట్టమే తెచ్చింది, 2015లో హైకోర్టు దాని అమలును నిలిపేసింది. కాబట్టి కొత్త చోట పోలింగ్‌కు ముందు పక్కింటివాళ్లను అడగండి, “ఇక్కడ ఎన్ని ఓట్లు, ఎవరెవరికి?” అని. అడగడంలో నామోషీ లేదు.

మన బ్యాంకు ఇళ్లలో డిగ్రీ లేనివాళ్లు తక్కువ. అయినా పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు ఎంతమందికి ఉంది? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో శాసన మండళ్లున్నాయి. తమిళనాడు, కేరళలలో లేవు. ఈ ఓటుకు ఫారం-18 వేరేగా పెట్టాలి. అర్హత తేదీ నవంబరు 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండాలి. ప్రతి ఎన్నికకూ జాబితా కొత్తగా తయారుచేస్తారు కాబట్టి కిందటిసారి ఓటు వేశామని ఊరుకోకూడదు. బూత్‌లో వాళ్లిచ్చిన పెన్నుతోనే 1, 2, 3 అని అంకెలు వేయాలి. టిక్కు పెడితే ఓటు చెల్లదు. డిగ్రీలున్నవాళ్లే ఇక్కడ తప్పులు చేస్తారు!

పిల్లల సంగతి. 17 నిండినవాళ్లు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏదో ఒక దానికి 18 నిండగానే పేరు చేరుతుంది. హాస్టల్లో చదువుకునేవాళ్లు హాస్టల్ ఊళ్లోనైనా, అమ్మానాన్నల దగ్గరైనా నమోదు చేసుకోవచ్చు, ఒక్కచోటే. అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి పౌరసత్వం తీసుకోకుండా ఉంటే ఫారం-6ఏతో పాస్‌పోర్టులోని ఇక్కడి చిరునామాలో నమోదవ్వచ్చు. ఓటు మాత్రం స్వయంగా వచ్చి, పాస్‌పోర్టు చూపించి వేయాలి.

ఎన్నికల డ్యూటీ పడినవాళ్లు నా లాగా చేయకండి. సైనికుల్లా మనకు సర్వీసు ఓటు లేదు. డ్యూటీ ఆర్డరు అందగానే పోస్టల్ బ్యాలెట్‌కు ఫారం-12 ఇవ్వండి. డ్యూటీ మీ నియోజకవర్గంలోనే పడితే ఫారం-12ఏ ఇచ్చి, డ్యూటీ చేసే బూత్‌లోనే ఓటు వేయొచ్చు.

ఇళ్లలో పెద్దవాళ్లుంటే ఇది రాసుకోండి. 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతం పైగా వైకల్యం ఉన్నవాళ్లు ఫారం-12డీ ఇస్తే లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో ఇంటి దగ్గరే ఓటు వేయొచ్చు. నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోపు ఇవ్వాలి.

2024లో మా అమ్మకు 87. మోకాళ్లు కదలవు. బూత్ స్థాయి అధికారి ఫారం తెస్తే నేనే నింపాను, అమ్మ సంతకం చేసింది. చెప్పిన రోజున సిబ్బంది వచ్చారు. వీడియో తీసే కుర్రాడూ వచ్చాడు. వరండాలో అట్టపెట్టె అడ్డంపెట్టి అమ్మకు బ్యాలెట్ ఇచ్చారు. నన్ను దూరంగా కూర్చోమన్నారు. కూర్చున్నాను. ఎవరికి వేసిందో ఇవాళ్టికీ తెలియదు.

మే 13న మళ్లీ రెండు రాష్ట్రాల్లో ఒకేరోజు పోలింగ్. హైదరాబాద్ నుంచి బస్సులూ రైళ్లూ కిక్కిరిసి ఆంధ్రా వైపు వస్తుంటే, నేను ఎదురుగా, సగం ఖాళీ బస్సులో హైదరాబాద్ బయల్దేరాను. గుమ్మం దగ్గర అమ్మ అడిగింది, “ఎల్లుండి దాకా ఉండకూడదట్రా?” అని. “నా ఓటు అక్కడుందమ్మా” అన్నాను. ఒక క్షణం ఊరుకుని, “సరే, వెళ్లు. నా ఓటు నా ఇంటికొచ్చింది. నీ ఓటుకు నువ్వు వెళ్లాలి గదా” అంది.

పుట్టిన ఊరి మీద ప్రేమ ఓటరు జాబితాలో పేరుతో ఉండదు, తీస్తే పోదు. మనం తాగే నీళ్లు, మన పిల్లలు నడిచే రోడ్డు, మన గుమ్మం ముందు కాలువ ఏ ఊళ్లో ఉన్నాయో మన ఓటు అక్కడ ఉండాలి.

మా ఆవిడ జాబితాలో పదో సారి రాయాల్సిన అవసరం మాకు రాలేదు. మీలో చాలామందికి ఇంకా ట్రాన్స్‌ఫర్లు ఉన్నాయి. వచ్చేసారి సామాను జాబితా రాసేటప్పుడు గ్యాస్ కనెక్షన్ కిందే ఒక గీత గీసి ‘ఓటు’ అని రాయండి. ఇవాళ రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో అందరి పేర్లూ జాబితాలో ఉన్నాయో లేవో ఒక్కసారి చూసుకోండి.