జీతం అనే మాట



ఈ ఏడు సభ్యుల కుటుంబ వివరాలు రాసుకునేటప్పుడు ఒక పెద్దమ్మను, "మీ ఇంట్ల ఎవరికైనా జీతం ఉన్నదా?" అని అడిగాము. ఆమెకు కోపం వచ్చింది. "మా ఇంట్ల ఇప్పుడు ఎవ్వరూ జీతం ఉండరు బిడ్డా, ఆ రోజులు పోయినయ్" అన్నది. మేము నౌకరీ జీతం అడిగితే ఆమె ఆసామి ఇంటి జీతం అనుకున్నది.

తర్వాత మేము ఈ మాట గురించి తెలుగు సారును, ఊర్లో పెద్దలను అడిగి తెలుసుకున్నాము. జీతం అనేది జీవితం అనే మాట నుంచే వచ్చింది. బతకడానికి ఇచ్చేది జీతం. మాట మంచిదే. కానీ మన ఊర్లల్ల జీతం ఉండుడు అంటే వేరు. తండ్రి పెళ్ళికో, రోగానికో అప్పు తెస్తే కొడుకు ఉగాది నుంచి ఉగాది దాకా ఆసామి ఇంట్లో పని చేయాలి. చిన్న పిల్లగాడైతే పశువులు కాయాలి. ఏడాది తిరిగినా అప్పు తీరదు. ఇచ్చిన గింజలు తిండికి, చేసిన పని వడ్డీకి. కాగితం ఆసామి దగ్గర, వేలిముద్ర మనది.

1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. అందులో రాసిన పేర్లలో జీతం, పాలేరు, వెట్టి, భగేలా కూడా ఉన్నాయి. అప్పు కింద మనిషిని కట్టేసి పని చేయించుకుంటే నేరం. ఆ అప్పు తిరిగి కట్టే పని లేదు.

ఇది పాత కథ అనుకోవద్దు. ఈ ఏడే మా సభ్యురాలు ఒకామె బయట వారం అప్పు కట్టలేక, ఇటుక బట్టీకి అడ్వాన్సు తీసుకొని తొమ్మిదో తరగతి కొడుకును పంపడానికి సిద్ధమైంది. మాట మారింది గానీ పద్ధతి అదే. సంఘంలో తెలిసి, ఆ రాత్రే కూర్చొని తీర్మానం రాసి పొదుపు నుంచి అప్పు ఇచ్చాము. పిల్లగాడు బడికి పోతున్నాడు.

అక్కలారా, బయట అప్పు తెచ్చే ముందు సంఘంలో ఒక మాట చెప్పండి. చదివించుకోకుండా వేలిముద్ర వేయకండి. పాసుబుక్కు మీ దగ్గరే పెట్టుకోండి.

ఆ పెద్దమ్మ మనవరాలు దవాఖానలో నర్సు. సంగతి తెలిసినాక ఆమే నవ్వి, "అట్లయితే రాయి బిడ్డా, మా ఇంట్ల జీతం ఉన్నది" అన్నది.