పాత ఛాయాచిత్రములలో చార్మినారు వీధి

పాత ఛాయాచిత్రమును చేతికి తీసికొన్నవాడు మొట్టమొదట చూచునది దానిని తీసినవాడు చూపదలచిన వస్తువునే. కాని, నగరపు నడిబజారు బ్రతుకు తెలియగోరువాడు ఆ వస్తువును కొంతసేపు మరచి, చిత్రపు అంచులను, మసకబారిన మూలలను వెదకవలసియుండును. 1838వ సంవత్సరమున పారిసులో దాగేరు అను నతడు కిటికీనుండి ఒక రాజవీధిని చిత్రించినపుడు, పలకపై రూపము నిలుచుటకు కొన్ని నిమిషములు పట్టుటచే, కదలిపోవుచున్న బండ్లును బాటసారులును అదృశ్యులై, వీధి నిర్మానుష్యముగా తోచెను; బూట్లకు మెరుగు పెట్టించుకొనుచు ఒకచోట నిలిచిన మనుష్యుడు మాత్రము, తానెరుగకయే, అందు చిక్కువడెను.

హైదరాబాదు వీధులకు అంతటి దురవస్థ పట్టలేదు. 1844లో మీరట్టు సమీపమున సర్ధనాలో జన్మించి, రూర్కీలో చదివి, ఇండోరులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, పిమ్మట రాజా బిరుదమందిన లాలా దీనదయాళు, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆదరమునకు పాత్రుడై, సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పునాటికి జెలటిను పూసిన పొడి గాజుపలకలు వాడుకలోనికి వచ్చియుండెను. నడచుచున్న జనమును సైతము అవి పట్టగలిగినవి. ఆయన కెమెరా ప్రధానముగా దర్బారులను, వేటలను, అమీరుల మేడలను సేవించినది. వీధి వానివెంట వచ్చిన పరిచారిక మాత్రమే. మొహర్రము నాటి లంగరు ఊరేగింపు చిత్రములో ఆయన ఏనుగులను, సిపాయిలను చూపగోరెను. నాకైతేనో, చూడవచ్చిన జనముపైననే కన్ను నిలుచును. పెద్ద గాజుపలకలగుటచే, భూతద్దము పట్టినకొలది తలపాగల తీరులు, దుకాణముల చూరులు, ఎడ్లబండ్ల చక్రములు బయటపడుచుండును.

తేదీ వ్రాయని చిత్రమునకు కట్టడములే సాక్షులు. చార్మినారు 1591లో నిర్మితమైనను, దాని నాలుగువైపుల గడియారములు అమర్చబడినది 1889లో. కనుక గడియారము లేని చార్మినారు ఆ అమరికకు పూర్వపుదని నిస్సంశయముగా చెప్పవచ్చును. ముళ్లు స్పష్టముగా కనబడినచో నీడలతో సరిచూచి ఏ పూట తీసినదో కూడ తేల్చవచ్చును; బజారులో జనము పలుచగా నున్నంతమాత్రమున ఊరు చిన్నదని భ్రమపడనక్కరలేదు, అది తెల్లవారి దుకాణములు తెరవని వేళ కావచ్చును. నిజాము రైల్వేవారి బస్సు కనబడెనా, అది 1932 నాటిదో ఆ తరువాతిదో. ఆ యేట వారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిరి.

చిత్రములో లేనివారును మనకు కొంత చెప్పుదురు. ఉన్నత కుటుంబముల స్త్రీలు ఈ వీధి చిత్రములలో కానరారు. వచ్చినను పరదాల చాటుననే వచ్చియుందురు. దీనదయాళు 1892లో ఎత్తైన ప్రహరీ నడుమ జనానా స్టూడియో ఒకటి తెరచి, దానిని ఒక ఆంగ్లేయ వనితకు అప్పగించుట అందువలననే. ఆ వర్గపు స్త్రీల ముఖములు ఒక ఆల్బములోను, వారు దాటిపోయిన బజారు వేరొక ఆల్బములోను మిగిలినవి. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టుకొననిదే నాటి నగరము మనకు సగమే తెలియును.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచెత్తినది. ఆ వరద దరిమిలా 1912లో ఏర్పడిన ఆరాయిష్-ఎ-బల్దా, అనగా నగరాభివృద్ధి మండలి, ఇరుకు వీధులను వెడల్పు చేయసాగెను. చార్మినారునుండి మూసీవైపు పోవు పత్తర్‌గట్టిలో బారులు తీరిన రాతి తోరణముల దుకాణములు వెలసినది అప్పటి మార్పులలోనిదే. వీధి అందగించినదని అందరును ఒప్పుకొందురు, నేనును ఒప్పుకొందును. అయినను ఆ తరువాతి చిత్రములలో ఛాయాగ్రాహకుని చూపు తోరణముల వరుసవెంట సూటిగా దూరమునకు పోవును. గుడ్డలు, ముత్యములు బేరమాడువారు ప్రక్కకు తొలగి, తోరణమెంత ఎత్తో తెలుపు కొలబద్దలుగా నిలిచియుందురు.