సెంట్రోసోము జాడ – సుబ్బారావుగారి మందు

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



కణము రెండుగా చీలునపుడు క్రోమోజోములను ఇరువైపులకు సమముగా పంచుటకు తోడ్పడు సూక్ష్మాంగము సెంట్రోసోము. ఈ పంపకము తప్పుటయే క్యాన్సరునకు మూలము కావచ్చునని జర్మను శాస్త్రజ్ఞుడు బొవేరీ 1914లో వ్రాసెను.

దాని జాడ తెలియుటెట్లు? అందలి మాంసకృత్తునకు మాత్రమే అంటుకొను ప్రతిరక్షకమును సిద్ధపరచి, దానికి వెలుగునిచ్చు రంగును చేర్చి కణములపై విడుతురు. వేయి మూటలలో మన ముద్ర గల మూటనే గుమాస్తా పట్టినట్లు, అది సెంట్రోసోమునే పట్టి సూక్ష్మదర్శినిలో చుక్కవలె మెరయును. చీలుచున్న కణమున రెండు చుక్కలుండవలెను. క్యాన్సరు కణములలో తరచు అంతకంటె హెచ్చుగా కనబడును.

ఒకే తీరు ప్రతిరక్షకములను తరుగక పొందు మార్గమును 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ కనుగొనిరి. అందు అక్కరలేని కణములను ఏరివేసిన మందు అమినోప్టెరిను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో తయారుచేసినదే అది. 1948లోనే కీర్తిశేషులైన ఆయన ఈ ఫలమును చూడలేదు.

చంద్రపూరులో అంగడి మనకు అన్నము పెట్టినది. అయినను, చదువుపై మనసున్న బిడ్డను, ఆడపిల్లయైనను మగపిల్లవాడైనను, పదవ తరగతితో ఆపి గల్లాపెట్టె యొద్ద కూర్చుండబెట్టకుడు. నేనట్లు కూర్చుండినవాడనే.