దుబ్బుల లెక్క - యూరియా లెక్క



వైరా రిజర్వాయరు కింద అయినా, చర్ల దగ్గర తాలిపేరు కాలువ కింద అయినా వరి నాటేది మనమే. పొద్దంతా వంగిన నడుం ఎత్తకుండా నాటుతాం. కానీ యూరియా ఎంత వేయాలో మనల్ని ఎవరూ అడగరు. ఇప్పుడు మనకు చదువు వచ్చింది, లెక్క వచ్చింది. ఈ రోజు రెండు లెక్కలు చెప్పుకుందాం.

మొదటిది దుబ్బుల లెక్క. మీటరు పొడవు పుల్లలు నాలుగు తీసుకోండి. నాటిన మడిలో చదరంగా పెట్టండి. లోపల దుబ్బులు ఎన్ని ఉన్నాయి? వానాకాలంలో 33, యాసంగిలో 44 ఉండాలి. మనం గుత్తకు నాటుతాం. ఎకరానికి ఇంత అని కూలి. పొద్దుగూకే లోపల ముగించాలని ఎడం ఎడంగా నాటుతాం. ఇది మన తప్పు ఒక్కటే కాదు. దగ్గరగా నాటాలంటే పని పెరుగుతుంది. ఆ పనికి తగ్గ కూలి ముందే మాట్లాడుకోవాలి.

కుదురుకు 2, 3 మొక్కలు చాలు. పైపైన నాటాలి. లోతుగా గుచ్చితే పిలకలు తగ్గుతాయి. ప్రతి 2 మీటర్లకు జానెడు కాలిబాట తూర్పు పడమరలుగా వదలాలి. గాలి, వెలుతురు తగిలితే సుడిదోమ తగ్గుతుంది.

రెండోది యూరియా లెక్క. చేను పలచగా ఉంటే "ఇంకో బస్తా చల్లు" అంటారు. చల్లితే ఏమవుతుంది? ఆకు ముదురు పచ్చగా ఏపుగా పెరుగుతుంది. చూడటానికి బాగుంటుంది. కానీ అగ్గితెగులు, సుడిదోమ ఆ చేనుకే ఎక్కువ వస్తాయి. గాలివానకు చేను పడిపోతుంది. పురుగు మందుల ఖర్చు మీద పడుతుంది. నాటని మొక్కను యూరియా పుట్టించలేదు.

సంచి మీద చదవండి. నత్రజని 46 శాతం అని ఉంటుంది. అంటే 45 కిలోల సంచిలో సుమారు 20 కిలోల నత్రజని. వానాకాలం వరికి ఎకరానికి 40 నుంచి 48 కిలోల నత్రజని కావాలి. అంటే రెండు సంచులు, లేదా కాస్త పైన. డి.ఏ.పి. వేస్తే 50 కిలోల సంచిలో 9 కిలోల నత్రజని వస్తుంది. ఆ మేరకు యూరియా తగ్గించాలి.

అంతా ఒకేసారి వేయకూడదు. మూడు భాగాలు చేయాలి. ఒకటి ఆఖరి దమ్ములో, ఒకటి పిలకలు వేసేటప్పుడు, ఒకటి లోపల వెన్ను పుట్టేటప్పుడు. నీరు తీసేసి బురద పదునులో చల్లాలి. రెండు రోజుల తర్వాత నీరు పెట్టాలి. నిండా నీళ్లున్న మడిలో చల్లితే మన డబ్బు గోదారి పాలే.

రేపు మడికి పోయేటప్పుడు పుల్లలు పట్టుకుపోండి. ఇంట్లో సంచి మీది అంకె మీరే చదివి వినిపించండి. "ఇంక చాలు" అనే మాట ఈసారి మన నోట రావాలి.