లేబుల్ చెప్పిన సంగతులు: కనుమరుగైన రికార్డు సంస్థలు, కర్ణాటక సంగీతం, తూర్పు హైదరాబాదు శ్రోతలు

ఒక వ్యక్తి స్మృతిని నిలపడానికి ఏర్పాటైన ఉపన్యాసంలో వ్యాపార సంస్థల స్మృతిని గురించి ప్రసంగించడం ఉచితమేనా అన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది. హెచ్.ఎం.వి., కొలంబియా, ఓడియన్, పాలిడోర్, సంగీత వంటివి లాభనష్టాల లెక్కలతో పుట్టి, ఆ లెక్కల వల్లనే దుకాణాల అరల నుంచి తప్పుకున్న పేర్లు. అయినా ఆకాశవాణి తరువాత కర్ణాటక సంగీతాన్ని తెలుగు ఇళ్లలోకి ఎక్కువగా చేర్చినవి ఆ సంస్థలే కావడం వల్ల, వాటి పేరు వినగానే ఒక తరం శ్రోతల మనసు ఆర్ద్రమవుతుంది. ఆ మమకారం గౌరవించదగినది. అయితే లేబుల్‌తో పాటు ఏమి పోయిందో, ఏమి పోలేదో విడదీసి చూడకపోతే అది నిట్టూర్పుగానే మిగిలిపోతుంది. పాట ఏదో ఒక రూపంలో నిలిచే ఉన్నదనీ, దానికి సాక్ష్యంగా నిలిచిన సమాచారమే చెదిరిపోతున్నదనీ, ఆ సమాచారాన్ని కాపాడడమే ఆ సంస్థలకు తగిన స్మారకమనీ నిరూపించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

1. అరచేతి వెడల్పు కాగితం

రికార్డు నడుమ అతికించిన గుండ్రటి కాగితాన్నీ, దానిపై ముద్రించిన వ్యాపారనామాన్నీ కూడా లేబుల్ అనే వ్యవహరిస్తారు. ఆ కాగితం అరచేతి వెడల్పును మించదు గాని, గాయకుని పేరు, కీర్తన మొదటి మాటలు, రాగం, తాళం, వాగ్గేయకారుడు, భాష, కేటలాగు సంఖ్య అన్నీ అందులో ఇమిడిపోయేవి. లాంగ్ ప్లే రికార్డులు వచ్చాక అట్ట వెనుక వైపు పక్కవాద్యకారుల పేర్లకూ, కృతి పరిచయానికీ చోటు దొరికింది. కాగితానికీ చివరి గాడికీ నడుమ ఉన్న నున్నటి వలయంలో, వెలుతురు ఏటవాలుగా పడితే తప్ప కనబడనంత సన్నగా, మాతృక సంఖ్య ఉంటుంది. అంటే ఆ ధ్వనిముద్రణకు సంస్థ తన దస్తరాలలో ఇచ్చుకున్న గుర్తు సంఖ్య. ఒకే పాట కొన్నేళ్ల తరువాత వేరే కేటలాగు సంఖ్యతో వెలువడినప్పుడు, అది పాత ముద్రణేనా, గాయకుడు మళ్లీ పాడినదా అన్న సందేహాన్ని తీర్చడానికి పరిశోధకులు మొదట చూసేది ఈ సంఖ్యనే.

2. లక్క నుంచి టేపు వరకు

1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ ప్రభృతుల పాటలను ముద్రించిన తరువాత ఇక్కడి విపణి విలువను గుర్తించిన గ్రామఫోన్ కంపెనీ, 1908లో సియాల్దాలోనూ, 1928లో డమ్‌డమ్‌లోనూ కర్మాగారాలు నెలకొల్పింది. రెండు వైపులా పాట ఉండే రికార్డును 1904లో ప్రవేశపెట్టిన బెర్లిన్ సంస్థ ఓడియన్ ముద్ర, 1930 దశకంలో ఎ.వి. మెయ్యప్పన్ భాగస్వామిగా ఉన్న మద్రాసు సరస్వతీ స్టోర్స్ ద్వారా దక్షిణాది భాషల శ్రోతలకు చేరింది. 1931లో గ్రామఫోన్ కంపెనీ, కొలంబియా విలీనమై ఇ.ఎం.ఐ.గా ఏర్పడినందువల్ల, ఆ తరువాత శ్రోత కంటికి పోటీదారులుగా కనబడిన హెచ్.ఎం.వి., కొలంబియా ముద్రలు నిజానికి ఒకే యాజమాన్యం కిందివి.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల లక్క రికార్డు ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పలకదు. కచేరీలో ఆలాపన, నెరవు, కల్పనస్వరాలతో అరగంట సాగగల కృతిని ఆ వ్యవధిలో ఇమిడ్చడానికి విద్వాంసులు ఏ సంగతిని ఉంచాలో, దేనిని వదలాలో ముందే నిర్ణయించుకోవలసి వచ్చింది. ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) వయొలిన్ నాదం గాని, 1926లో పదేళ్ల వయసులో తొలి రికార్డు ఇచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కంఠం గాని మొదట దూరప్రాంతాలకు చేరింది ఈ కుదించిన రూపంలోనే. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డు ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా వ్యవధినిచ్చి ఆ ఇరుకును తొలగించింది. సుబ్బులక్ష్మి గానం చేసిన వేంకటేశ్వర సుప్రభాతం, ఘంటసాల మరణానంతరం 1974లో వెలువడిన భగవద్గీత, తిరుమల తిరుపతి దేవస్థానాల ప్రేరణతో ఐదు రికార్డులుగా వచ్చిన బాలాజీ పంచరత్నమాల తెలుగు ఇళ్లలో నిత్యశ్రవణాలయ్యాయి. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబుల వీణ, షేక్ చినమౌలానా నాగస్వరం కూడా ఈ రికార్డుల మీదనే ఊరూరికీ వెళ్లాయి.

ఫిలిప్స్ సంస్థ 1963లో రూపొందించిన కాసెట్ 1980 దశకంలో భారతదేశమంతటా వ్యాపించినప్పుడు, పెద్ద కర్మాగారం లేని సంస్థలకూ ఈ రంగంలో చోటు దొరికింది. ది మాస్టర్ రికార్డింగ్ కంపెనీ వారి ‘సంగీత’ ముద్ర కర్ణాటక సంగీతాన్ని మధ్యతరగతి కొనుగోలుశక్తికి అందుబాటులోకి తెచ్చిన వాటిలో ముఖ్యమైనది.

3. విజయవాడ దారిలోని కాలనీలు

ఈ చరిత్రకు తూర్పు హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతంతో ఉన్న సంబంధం వలసల ద్వారా ఏర్పడింది. విజయవాడ వెళ్లే జాతీయ రహదారి వెంట చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, వనస్థలిపురం కాలనీలు విస్తరించిన కాలంలో నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఉద్యోగాలకూ, పిల్లల చదువులకూ వచ్చి స్థిరపడిన కుటుంబాలు తమ అభిరుచులనూ వెంట తెచ్చుకున్నాయి. సంగీత సభలు ఎక్కువగా జరిగే చిక్కడపల్లి త్యాగరాయ గానసభ ఈ కాలనీలకు దూరమే. పని దినాలలో సాయంత్రం కచేరీకి వెళ్లి రావడం అందరికీ వీలయ్యేది కాదు. అటువంటి ఇళ్లలో టేప్ రికార్డరే సభావేదిక అయింది. సంగీతం నేర్చుకునేవారు పల్లవి దగ్గర టేపు ఆపి, వెనక్కి తిప్పి, ఒక్కో సంగతినీ మళ్లీ మళ్లీ విని పట్టుకునేవారు. కాసెట్ డబ్బాలోని మడత కాగితం మీద అచ్చయిన రాగతాళాల పేర్లే వారి పాఠ్యపుస్తకానికి సూచిక.

కొత్తపేటలో అష్టలక్ష్మీ దేవాలయం ప్రతిష్ఠ జరిగిన 1996 నాటికి కాసెట్ ఇంకా ఇంటింటి వస్తువే. అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు మెట్రో మార్గం ప్రారంభమైన 2018 సెప్టెంబరు 24 నాటికి ప్రయాణికుల చేతిలో ఫోను, చెవిలో ఇయర్‌ఫోన్స్ తప్ప మరొక శ్రవణ సాధనం కనబడదు. ఈ రెండు తేదీల నడుమ గడిచిన ఇరవై రెండేళ్లలో కాసెట్లూ, ఆ తరువాత వచ్చిన సీడీలూ అటకలెక్కాయి; కుటుంబాలు పాత ఇంటిని అపార్ట్‌మెంటుగా కట్టించుకునే వేళ ఆ అటకలు కూడా ఖాళీ అవుతున్నాయి.

4. లేబుళ్లు వదిలిపెట్టినవి

మమకారం ఎంత ఉన్నా, ఈ సంస్థలు కర్ణాటక సంగీతాన్ని సమగ్రంగా నిక్షిప్తం చేశాయని చెప్పడం సత్యం కాదు. అమ్ముడుపోయేదాన్నే అవి ఎంచుకున్నాయి. శ్రీపాద పినాకపాణి (1913–2013) శిష్యుడు, ఆంధ్ర గాత్ర సంగీతంలో ప్రత్యేక బాణీ గల వోలేటి వెంకటేశ్వర్లు (1928–1989) గానం ప్రధానంగా ఆకాశవాణి ముద్రణల వల్ల, రసికులు సొంతంగా చేసుకున్న టేపుల వల్ల నిలిచింది. కనుక స్మృతిని కాపాడే పనిలో కంపెనీ కాసెట్‌కు ఎంత విలువ ఉందో, రేడియో ముందు కూర్చొని ఎవరో నింపుకున్న ఖాళీ కాసెట్‌కూ, దాని మీద పెన్సిలుతో రాసుకున్న తేదీకీ అంతే విలువ ఉంది.

5. పేరు మారిన ఆస్తి, చెదిరిన వివరం

లేబుల్ కనుమరుగైనంత మాత్రాన ముద్రణలపై హక్కులు అంతరించవు. అవి చేతులు మారుతాయి. హెచ్.ఎం.వి. ముద్రను నడిపిన భారతీయ సంస్థ 2000లో సరిగమగా పేరు మార్చుకుంది. దేశవ్యాప్తంగా శాఖలున్న మ్యూజిక్ వరల్డ్ దుకాణాలు 2013లో మూతపడ్డాయి. అదే సంవత్సరం ఐరోపాలో ఇ.ఎం.ఐ. క్లాసిక్స్ వార్నర్ సంస్థ అధీనంలోకి వెళ్లగా, ఆ పేరును విరమించారు. చేతులు మారినప్పుడల్లా ధ్వని కొత్త రూపంలోకి ఎక్కుతుంది గాని అట్ట మీది అక్షరాలన్నీ దానితో రావు. నేడు తెర మీద కీర్తన పేరూ గాయకుని పేరూ కనబడతాయి. మృదంగం వాయించినదెవరో, ముద్రణ ఏ సంవత్సరానిదో చాలా సందర్భాలలో కనబడదు. పక్కవాద్యకారుని పేరు తొలగిపోవడమంటే ఒక జీవితకాలపు సాధన చరిత్ర నుంచి జారిపోవడమే.

ఈ విషయంలో చట్టం కొంత అవకాశమిస్తుంది. 1957 నాటి భారతీయ కాపీరైట్ చట్టం ప్రకారం ధ్వనిముద్రణపై హక్కు, అది ప్రచురితమైన సంవత్సరం తరువాతి సంవత్సరారంభం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1960లో వెలువడిన రికార్డుపై ఆ హక్కు 2020 డిసెంబరు 31తో ముగిసింది. త్యాగరాజు, రామదాసుల వంటి ప్రాచీన వాగ్గేయకారుల రచనలపై ఎవరి హక్కూ లేదు. ఏ రికార్డు ఏ సంవత్సరానిదో తేలితేనే ఈ అవకాశం వినియోగపడుతుంది. అది తేల్చడానికి మళ్లీ లేబుల్ మీది సంఖ్యలే ఆధారం.

6. చేయవలసిన పని

ధ్వనిముద్రణల వివరాలను క్రమబద్ధంగా నమోదు చేసే పట్టికను డిస్కోగ్రఫీ అంటారు. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కిన్నియర్ 1899–1908 నడుమ గ్రామఫోన్ కంపెనీ చేసిన భారతీయ ముద్రణలకు అటువంటి పట్టికను 1994లో గ్రంథరూపంలో ప్రచురించి, ఒక్క పరిశోధకుని పట్టుదల ఎంత సాధించగలదో చూపాడు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు వేలాది రికార్డులను సేకరించడమే గాక వాటి వివరాలను తెలుగు పాఠకులకు అందించాడు. ఇటువంటి పనిని కాలనీ స్థాయిలో ప్రారంభించడానికి పెద్ద నిధులు అవసరం లేదు. ప్రతి రికార్డు లేబుల్‌నూ, ప్రతి కాసెట్ మడత కాగితాన్నీ ఫోటో తీసి, సంస్థ, సంఖ్య, గాయకుడు, కృతి, రాగం, తాళం, పక్కవాద్యాలు అన్న గళ్లలో నింపి, ఆ పట్టికను శాఖా గ్రంథాలయంలో ఉంచితే చాలు.

వస్తువుల రక్షణకూ కొన్ని నియమాలున్నాయి. రికార్డులను ఒకదానిపై ఒకటి పేర్చకుండా నిలువుగా ఉంచాలి. లక్క రికార్డు గాడి వెడల్పు కనుక దానిని లాంగ్ ప్లే సూదితో గాక అందుకు తగిన లావుపాటి సూదితోనే వినాలి. బూజు పట్టిన టేపును శుభ్రపరచకుండా యంత్రంలో పెట్టకూడదు. ఇవన్నీ ఒక మధ్యాహ్నం శిక్షణతో నేర్పగలిగినవే, పోటీ పరీక్షల శిక్షణకు పేరుపడిన దిల్‌సుఖ్‌నగర్‌లో నేర్చుకోవడానికి యువతకు కొరత లేదు.

పాడినదెవరు, వాయించినదెవరు, ఏ రాగం, ఏ సంవత్సరం అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పే బాధ్యతను ఒకప్పుడు రికార్డు సంస్థలు వ్యాపారంలో భాగంగా, లోపాలతోనే అయినా, నిర్వహించాయి. ఆ సంస్థలు తప్పుకున్నాక ఆ బాధ్యత వాటి పాటలు విని పెరిగిన శ్రోతలకు సంక్రమించింది. ఆ పేర్లను తలచుకొని గుండె బరువెక్కే ప్రతి ఇల్లూ తన అటక మీది వస్తువుల జాబితా ఒకటి రాసి అందజేస్తే, తరువాతి తరానికి ఆ సంగీతం పేరూ ఊరూ తెలిసిన సంపదగా దక్కుతుంది.