పాత సిమ్‌తో పాటు పోయిన మెయిల్

ఈ ఎపిసోడ్‌లో కొత్త ఫోన్ రివ్యూ లేదు. నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. చివర్లో మీకు ఒక ఐదు నిమిషాల పని కూడా ఉంది.

మాది నరసరావుపేట. 2013లో ఎంసెట్ అప్లికేషన్ పెట్టడానికి నెట్ సెంటర్‌కి వెళ్తే మెయిల్ ఐడీ అడిగారు. అక్కడే కూర్చుని ఒకటి క్రియేట్ చేశా. రికవరీకి అప్పటి నా సిమ్ నంబర్ ఇచ్చా. తర్వాత ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి వేరే నంబర్ తీసుకున్నా. పాత సిమ్‌కి రీచార్జ్ మానేశా. అందులో ఏముందిలే అనుకున్నా.

ఏముందంటే, ఆ మెయిల్‌లోనే 2018 కోటప్పకొండ తిరునాళ్ల ఫొటోలున్నాయి. ప్రభ పక్కన నిలబడి నాన్న నవ్వుతున్న ఫొటో. తర్వాతి ఏడాదే నాన్న పోయారు.

మొన్న సంవత్సరీకానికి ఆ ఫొటో పెద్దది చేయించమని అమ్మ అడిగింది. లాగిన్ అవుదామంటే పాస్‌వర్డ్ గుర్తు లేదు. కోడ్ పంపుతానంటుంది, పాత నంబర్‌కే. ముందు వాడిన ఫోన్ నుంచి ప్రయత్నించమంటుంది. ఆ ఫోన్ ఎప్పుడో ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశా.

చివరికి ఆ పాత నంబర్‌కే ఫోన్ చేశా. ఎవరో పెద్దావిడ, గురజాల వైపట. "అమ్మా, ఇది ఒకప్పుడు నా నంబరు. మీకో ఓటీపీ వస్తుంది, కాస్త చెప్తారా?" అన్నా. "ఎవరడిగినా చెప్పొద్దన్నాడు నాయనా మా మనవడు" అని పెట్టేసింది.

కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆవిడదే కరెక్ట్. తప్పంతా నాదే. మన దేశంలో వాడకుండా వదిలేసి రద్దయిన నంబర్‌ని 90 రోజులు ఆపి, ఆ తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఈ మాట 2023లో ట్రాయ్ సుప్రీంకోర్టుకే చెప్పింది. అదే నంబర్ ఏ మోసగాడి చేతిలోనో పడుంటే? నా మెయిల్ తాళంచెవి వాడి జేబులో ఉన్నట్టే కదా.

"ఆ కంపెనీ ఆఫీసు ఎక్కడరా? సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెడదామా?" అంది అమ్మ. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "డబ్బులిస్తే రికవరీ చేస్తాం" అని ఆన్‌లైన్‌లో ఇద్దరు తగిలారు. ఫోన్ స్క్రీన్ షేర్ చేయమన్నారు. బ్లాక్ చేశా. అలాంటివాళ్లకి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మెయిల్ ఇంకా రాలేదు. అమ్మ చివరికి ఆధార్ కార్డు ఫొటోనే పెద్దది చేయించి గోడకి పెట్టింది. అందులో నాన్న నవ్వట్లేదు.

ఇప్పుడు మీ పని. మెయిల్ సెట్టింగ్స్ తెరవండి. రికవరీ నంబర్ ఇప్పటికీ మీదేనా చూడండి. సిమ్ వదిలేసే ముందే బ్యాంకు, మెయిల్, అన్నిచోట్లా నంబర్ మార్చండి. ఇంట్లో నమ్మకమైన మనిషి మెయిల్‌ని రికవరీ మెయిల్‌గా పెట్టండి. గూగుల్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేస్తే 10 బ్యాకప్ కోడ్‌లు తీసుకోవచ్చు. కాగితం మీద రాసి బీరువాలో దాచండి. ఇంకోటి, 2 ఏళ్లు అసలు వాడని పర్సనల్ అకౌంట్‌ని గూగుల్ ఫొటోలతో సహా తీసేయొచ్చు. 2023 నుంచి రూలు ఇదే. అప్పుడప్పుడూ లాగిన్ అవుతూ ఉండండి.

అన్నిటికంటే ముందు, మీ అమ్మానాన్నల ఫొటోలు ఇంకోచోట కూడా కాపీ చేసి పెట్టుకోండి. ఈ వీడియో ఆపేసి ఇప్పుడే చేయండి. ఉంటాను మరి.